డయల్ ఫోనుకు దుబాసీ

చెన్నపట్నంలో టెలిఫోనుకు పుట్టిల్లు జార్జిటౌనులోని ఎర్రబాలు చెట్టి వీధి. ఆ పేరు తెలుగు చెట్టిగారిదని వేరే చెప్పనక్కరలేదు. గ్రాహం బెల్ అమెరికాలో పేటెంటు పుచ్చుకున్నది 1876లో. ఇంగ్లండుకు చెందిన ఓరియంటల్ టెలిఫోన్ కంపెనీ 1881లో ఇక్కడి ప్రభుత్వం దగ్గర అనుమతి సంపాదించి కలకత్తా, బొంబాయి, మద్రాసు నగరాల్లో ఎక్స్ఛేంజీలు పెట్టింది. 1882 జనవరి 28న వైస్రాయి కౌన్సిలు సభ్యుడు మేజర్ బేరింగ్ వాటి ప్రారంభాన్ని ప్రకటించాడు. యంత్రం పుట్టిన ఆరేళ్ళకే మన ఊరు చేరిందన్నమాట. ఆ లెక్కన మా రాయపురానికి రైలు ఆలస్యంగా వచ్చిందనే చెప్పాలి. ఇంగ్లండులో 1825లో నడిచిన ఆవిరి బండి రాయపురం స్టేషనులో కూత వేసింది 1856లో.

నేను ఆ స్టేషనుకు నడిచిపోయేంత దూరంలో, కల్మండపం పక్కన పుట్టి పెరిగాను. బి.కాం. చదివి బ్యాంకులో చేరాను. తీగలతో, స్క్రూడ్రైవర్లతో నాకు పరిచయం లేదు. అయినా నిరుడు మా మేనత్తగారి ఇంట్లోని పాత డయల్ ఫోనును కొత్త ఫైబర్ లైనుకు అతికించే పని నా నెత్తిన పడింది. ఆ పని మీద తిరుగుతున్నప్పుడు తెలిసిన సంగతులు మన పత్రిక పాఠకులకు చెబుదామని ఈ వ్యాసం. మన ఇళ్ళలో అటకల మీద, దేవుడి అలమర పక్కన ఇలాంటి నల్ల ఫోన్లు ఇంకా ఉన్నాయని నాకు తెలుసు.

మొదట్లో ఫోనుకు డయలే లేదు. రిసీవరు ఎత్తితే ఎక్స్ఛేంజిలో కూర్చున్న మనిషి పలికేవాడు. ఫలానా వారు కావాలని చెబితే ఒక తీగ కొసను తీసి వారి గూట్లో గుచ్చేవాడు. మా చిన్నప్పుడు రైల్వే గేటు గుడిసెల్లో పిడి తిప్పి మాట్లాడే ఫోన్లుండేవి. అవి ఆ కాలపు వారసులే. ఈ పద్ధతిలో ఒక సుఖముంది, నంబరు గుర్తులేకపోయినా పని జరుగుతుంది. ఒక చిక్కు కూడా ఉంది, నడుమ ఉన్న మనిషి మంచివాడై ఉండాలి.

ఆ చిక్కు నుంచే డయలు పుట్టిందని చెప్పుకుంటారు. అమెరికాలో కాన్సాస్ సిటీలో ఆల్మన్ స్ట్రోజర్ అని శవసంస్కారాల వ్యాపారి ఉండేవాడు. తనకు రావలసిన ఫోన్లను ఆపరేటరు పోటీ వ్యాపారికి తిప్పేస్తున్నదని ఆయన అనుమానం. చావు కబురులో కూడా కమీషనా అని మండిపడి, మనిషి ప్రమేయం లేకుండా నంబరు కలిపే యంత్రానికి 1891లో పేటెంటు పొందాడు. 1892లో ఇండియానా రాష్ట్రంలోని లా పోర్ట్ అనే చిన్న ఊళ్ళో మొదటి ఎక్స్ఛేంజి నడిచింది. వేలు పెట్టి తిప్పే చక్రం ఆయనది కాదు. అది ఆయన కంపెనీ మనుషులు 1896లో కనిపెట్టింది. మన దేశంలో మొదటి ఆటోమేటిక్ ఎక్స్ఛేంజి 1913–14లో సిమ్లాలో వచ్చింది, 700 లైన్లకు. దొరలు ఎండాకాలం పోయే చోటికి ఏ సౌకర్యమైనా ముందు వెళ్ళేది. మద్రాసు టెలిఫోన్లు 1943 దాకా కంపెనీ చేతిలోనే ఉండి, ఆ ఏడు బొంబాయి, కలకత్తాలతో పాటు ప్రభుత్వానికి వచ్చాయి.

డయలు లోపలి రహస్యం నాకు బడిలో కాక కొత్వాల్ చావడిలో తెలిసింది. 1996లో ఆ బజారు కోయంబేడుకు తరలిపోక ముందు, మా నాయన అక్కడ ఒక పప్పుల మండీలో గుమాస్తా. షావుకారు గద్దె పక్కన నల్ల ఫోను, దాని చక్రం కన్నంలో చిన్న తాళం. వచ్చిన ఫోను మాట్లాడవచ్చు, ఇక్కణ్ణించి చేయడానికి వీల్లేదు. ఆ కాలంలో ప్రతి ఆఫీసులోనూ ఉండిన తాళమే అది. మూటలు లెక్కపెట్టే కుర్రవాడొకడు షావుకారు భోజనానికి లేవగానే రిసీవరు ఎత్తి, అది ఆనుకునే మీటను వేలితో టకటక కొట్టేవాడు. నాలుగు కొట్టి ఆగితే నాలుగు, ఏడు కొట్టి ఆగితే ఏడు, సున్నా కావాలంటే పది. నంబరు శుభ్రంగా కలిసేది. తాళం కప్ప దానిపాటికది వేలాడుతూనే ఉండేది.

ఆ కుర్రవాడు చేసిన పనే చక్రం కూడా చేస్తుంది. ఫోను ఎత్తగానే ఎక్స్ఛేంజి నుంచి వచ్చే రెండు తీగలు ఒక వలయమై, అక్కడి 48 వోల్టుల బ్యాటరీ కరెంటు అందులో పారుతుంది. వేలు పెట్టి చక్రాన్ని కొక్కెం దాకా తిప్పినప్పుడు లైనులో ఏమీ జరగదు. వేలు తీశాక స్ప్రింగు బలంతో అది వెనక్కి వస్తుంది చూశారూ, అప్పుడు ఆ వలయం తెగి కలుస్తుంది. 1కి ఒక తెంపు, 2కి రెండు, సున్నాకు పది. సెకనుకు పది తెంపులు పడాలని లెక్క. ఒక్కో తెంపు కాలంలో మూడింట రెండు వంతులు తీగ తెగి ఉంటుంది, ఒక వంతు కలిసి ఉంటుంది. వేగం తప్పకుండా లోపల గవర్నరు అనే చిన్న భాగం కాపలా కాస్తుంది. వెనక్కి తిరిగేటప్పుడు వినిపించే ఆ గరగర శబ్దం ఈ యంత్రాంగానిదే.

అవతల ఎక్స్ఛేంజిలో ఒక్కో తెంపుకూ అయస్కాంతం ఒక ఇరుసును ఒక్కో మెట్టు పైకి లాగుతుంది. మొదటి అంకెలు ఒక్కొక్కటీ దారిని ఎంచి, ఖాళీ తీగను వెతికి పట్టుకుంటాయి. చివరి రెండంకెల్లో ఒకటి ఇరుసును పైకెత్తుతుంది, రెండోది పక్కకు తిప్పుతుంది. నూరు మందిలో ఒకరి తీగ మీద అది వచ్చి నిలుస్తుంది. అంటే రాయపురంలో వేలు తిప్పిన మనిషే ఎక్స్ఛేంజిలోని ఇనుప ఇరుసును స్వయంగా కదిలించినట్టు. ఆ తరువాత వచ్చిన ఏ ఫోనులోనూ చేతికీ యంత్రానికీ ఇంత నేరు సంబంధం లేదు.

లెక్కల మనిషిని గనుక ఒక లెక్క చెప్పకుండా ఉండలేను. ఎస్.టి.డి. కోడ్లన్నీ సున్నాతో మొదలు, అంటే పది తెంపులతో మొదలు. ఢిల్లీ 011కి 12 తెంపులు, బొంబాయి 022కి 14, కలకత్తా 033కి 16, మన 044కి 18. హైదరాబాదుకు పూర్వం 0842, తరువాత 040. రెంటికీ తెంపులు సరిగ్గా 24. నెల్లూరు 0861కి 25, విజయవాడ 0866కి 30. అమెరికావారు 1947లో ఏరియా కోడ్లు పంచినప్పుడు ఎక్కువ మంది పిలిచే న్యూయార్కుకు 212 ఇచ్చారు, అయిదే తెంపులని. మనవాళ్ళు కూడా ఇలాగే ఆలోచించారో లేదో గాని, మద్రాసు నుంచి విజయవాడకు డయలు చేసే మన తెలుగువాడి వేలుకు మాత్రం ఎవరూ కనికరం చూపలేదు.

దేశానికి స్వాతంత్ర్యం వచ్చేనాటికి ఉన్న టెలిఫోన్లు సుమారు 80 వేలు. 1948లో బెంగళూరులో ఐ.టి.ఐ. కర్మాగారం మొదలై, మన నల్ల ఫోన్లూ ఎక్స్ఛేంజీలూ అక్కణ్ణించి రాసాగాయి. 1960లో లక్నో, కాన్పూరుల మధ్య మొదటి ఎస్.టి.డి. వచ్చింది. మిగతా ఊళ్ళకు చాలా కాలం ట్రంకు కాలే గతి. 180కి డయలు చేసి బుక్ చేసుకుని కూర్చోవాలి. అర్జెంటు అంటే రెట్టింపు రేటు, లైట్నింగు అంటే ఎనిమిది రెట్లు. గుంటూరు మిరప ధర కోసం మండీ షావుకారు లైట్నింగు బుక్ చేశాడంటే ఆ పూట సరుకులో ఏదో కదలిక ఉందని బజారంతా గ్రహించేది. 1991లో కూడా దేశం మొత్తానికి 50 లక్షల ఫోన్లే. దరఖాస్తు పెట్టి ఏళ్ళ తరబడి కాచుకునేవారు. ఒక వీధికి ఒక ఫోను. మిగతా ఇళ్ళవాళ్ళు శుభలేఖల్లో ఆ నంబరే వేసి పక్కన పి.పి. అని రాసుకునేవారు. మా మేనత్తగారి ఇంటి నంబరు కనీసం పది కుటుంబాల శుభలేఖల్లో ఉంది.

ఇక్కడ గమనించవలసిన సంగతొకటి ఉంది. 1960ల్లో బెల్జియం సాంకేతికంతో క్రాస్‌బార్ ఎక్స్ఛేంజీలు వచ్చాయి. మన దేశపు కాల్స్ రద్దీకి అవి తట్టుకోలేక చాలా తిప్పలు పెట్టాయి. 1980ల్లో ఫ్రెంచివారి ఇ-10బి డిజిటల్ ఎక్స్ఛేంజీలు, 1984లో ఏర్పడిన సి-డాట్ వారి స్వదేశీ ఎక్స్ఛేంజీలు వచ్చాయి. ఇరుసులు పోయాయి, అయస్కాంతాలు పోయాయి, అంతా కంప్యూటరే. అయినా వీటిలో ఏ ఒక్కటీ మన నల్ల ఫోనును వెళ్ళగొట్టలేదు. తెంపులు లెక్కపెట్టడం కొత్త యంత్రం కూడా నేర్చుకునే వచ్చింది.

ఈలోగా బొత్తాల ఫోను వచ్చింది. దాని భాష వేరు. 1963లో అమెరికాలో బెల్ సంస్థవారు ప్రవేశపెట్టిన ఈ పద్ధతిలో తీగను తెంపడం ఉండదు, రెండు స్వరాలు ఒకేసారి పలుకుతాయి. 1 నొక్కితే సెకనుకు 697 కంపనాల స్వరం ఒకటి, 1209 కంపనాల స్వరం ఒకటి. ఆ ఫోన్ల అడుగున పి, టి అని రెండక్షరాలున్న చిన్న స్విచ్చి ఉండేది, గుర్తుందా? పి అంటే తెంపుల భాష, టి అంటే స్వరాల భాష. మన ఎక్స్ఛేంజి ముసలిదైతే పి వైపు పెట్టుకోమని అర్థం. కొత్త ఎక్స్ఛేంజి పాత ఫోనుకూ, కొత్త ఫోను పాత ఎక్స్ఛేంజికీ సర్దుకుపోయిన కాలమది. ఇది ఇంజనీర్ల మర్యాద అని నేనంటాను. పాతదాన్ని వాడుకునేవాడు ఒకడుంటాడని గుర్తుపెట్టుకుని కొత్తదాన్ని కట్టడం చిన్న విషయం కాదు.

ఆ మర్యాదకు మొదటి దెబ్బ మా బ్యాంకుల వంటి చోట్ల నుంచే తగిలింది. నిల్వ ఎంతో తెలుసుకోవడానికి ఫోను చేస్తే ముందే నమోదు చేసిన గొంతు పలుకుతుంది: తమిళానికి ఒకటి నొక్కండి, ఇంగ్లీషుకు రెండు నొక్కండి. మనకు మూడో నంబరు ఎక్కడా ఉండదు, అది వేరే సంగతి. ఆ గొంతు వెనకున్న యంత్రానికి స్వరాలే తెలుసు. డయల్ ఫోను వాడే ఖాతాదారు చక్రం ఎంత తిప్పినా అది విన్న పాట వినిపిస్తూనే ఉంటుంది. అలాంటి పెద్దలు బస్సెక్కి నా కౌంటరుకు వచ్చి నిల్వ అడిగిపోయేవారు.

రెండో దెబ్బ ఫైబరు. రాగి తీగల స్థానంలో గాజు పోగు వచ్చింది. అందులో వెలుగు ప్రయాణిస్తుంది, కరెంటు రాదు. కనుక ఇంటి గోడకు ఒక తెల్ల డబ్బా తగిలిస్తారు. అది కరెంటు ఇచ్చి, డయలు టోను వినిపించి, గంట మోగించి, తానే ఎక్స్ఛేంజినన్నట్టు ఫోనును నమ్మిస్తుంది. చాలా డబ్బాలకు తెంపులు లెక్కపెట్టడం నేర్పలేదు. పాత ఎక్స్ఛేంజీలు నూరేళ్ళు మోసిన బరువును ఈ అరచేతి డబ్బా మోయనంది.

ఇక మా మేనత్తగారి సంగతి. ఆవిడకు 86 ఏళ్ళు. నీటికాసుల జబ్బుతో చూపు చాలావరకు పోయింది. ఫోను మటుకు ఎవరి సాయమూ లేకుండా చేసేవారు. చక్రం పక్కనున్న కొక్కేన్ని తడిమి పట్టుకుని, అక్కణ్ణించి పైకి మొదటి కన్నం 1, తరువాత 2, 3. కిందివైపు నుంచి మొదటిది 0, దాని పక్కన 9, 8. రాత్రి ఎనిమిదింటికి నెల్లూరులో ఉన్న చెల్లెలితో మాట్లాడితే గాని ఆవిడకు నిద్ర పట్టదు. మా మామయ్యగారు పోయాక ఆ ఇంట్లో ఆవిడకు మిగిలిన తోడు అదే. లైను ఫైబరుకు మార్చిన సాయంత్రం చక్రం తిప్పితే డయలు టోను ఆగలేదు. లైను బిగించిన అబ్బాయి ఫోను చెడిపోయిందని తేల్చి, అయిదారు వందలకు బొత్తాల ఫోను వస్తుందని చెప్పి వెళ్ళాడు.

కొన్నాం. అయిదో బొత్తాం మీద చిన్న బొడిపె ఉంటుంది, దాన్ని బట్టి మిగతావి గుర్తించవచ్చునని నేనే చెప్పాను. వణికే వేలికి ఒకే బొత్తాం రెండుసార్లు పడేది. ఎక్కడ తప్పిందో తెలిసేది కాదు. నాలుగు రోజులు చూసి ఆవిడ అన్న మాట ఇది:

“నాయనా, ఈ బొత్తాలు నా వేలికి ఏమీ చెప్పవురా. చక్రమైతే ఎంత దూరం తిరిగిందో చెయ్యే చెబుతుంది.”

మాట్లాడితే పనిచేసే సెల్ ఫోను సంగతి కూడా చూశాం. ఆవిడ తెలుగు, అందులోని రాయపురం యాసతో సహా, దానికి పట్టుబడలేదు.

అప్పుడు నల్ల ఫోనును మళ్ళీ తెచ్చి పరీక్ష చేశాను. రిసీవరు ఎత్తితే టోను వస్తోంది. బయటి నుంచి ఫోను వస్తే మాట స్పష్టం. మీట కొట్టి చూసినా టోను ఆగదు. కాబట్టి ఫోనుకు జబ్బు లేదు. అది మాట్లాడుతూనే ఉంది, వినేవాడికి ఆ భాష రాదు. దీనికి కావలసింది దుబాసీ. ఫ్రాన్సిస్ డే ఈ తీరాన దిగిన కాలంలో బేరి తిమ్మన్న వంటి మనవాళ్ళు చేసిన పనే, ఇటు విన్నది అటు చెప్పడం.

అలాంటి పరికరం ఉందని రిచ్చీ స్ట్రీటులో వాకబు చేస్తే మొదటి మూడు దుకాణాల్లో నవ్వారు. నాలుగో దుకాణంలోని పెద్దాయన నవ్వకుండా, విదేశాల్లో పాత ఫోన్ల సరదా ఉన్నవాళ్ళ కోసం చేసి అమ్ముతారని, ఇక్కడ తెప్పించుకోవాలని, లేకపోతే ఎవరైనా ఎలక్ట్రానిక్స్ చదివిన కుర్రాడి చేత చేయించుకోవచ్చునని చెప్పాడు. నా సహోద్యోగి కుమారుడు ఆ చదువే చదువుతున్నాడు. అగ్గిపెట్టెలు రెండు పేర్చినంత డబ్బా చేసి ఇచ్చాడు.

అది ఫోనుకూ తెల్ల డబ్బాకూ నడుమ కూర్చుంటుంది. ఫోను వైపు కరెంటు తానే ఇస్తూ తెంపులు లెక్కపెడుతుంది. ఈ తెంపుల్ని అవతలికి పోనివ్వదు, పోనిస్తే తెల్ల డబ్బా వాటిని ఫోను పెట్టేశారనో, మీట నొక్కారనో పొరబడుతుంది. తెంపులు ఆగి కొంచెం వ్యవధి గడిస్తే అంకె పూర్తయిందని గ్రహించి, ఆ అంకెకు తగిన రెండు స్వరాలను అటువైపు పలుకుతుంది. అంతే దాని పాండిత్యం. లోపల ఉన్నది ఆటబొమ్మల్లో వాడేపాటి చిన్న చిప్పు. కొన్ని రకాల్లో చక్రాన్ని కాసేపు పట్టుకుని వదిలితే నక్షత్రం గుర్తు కూడా పలుకుతుంది, మాకు ఆ అవసరం లేదు.

పని జరిగింది. నెల్లూరు పిన్నమ్మగారు మాత్రం ఆ సరికే ఇంటి ఫోను తీసేసి సెల్లుకు మారారు. 2021 జనవరి నుంచి ల్యాండ్ లైను నుంచి సెల్లుకు చేయాలంటే ముందు సున్నా చేర్చాలి. అంటే ఇంకో పది తెంపులు. మొత్తం పదకొండు అంకెలు, ఆవిడ సావకాశంగా తిప్పేసరికి దగ్గర దగ్గర నిమిషం. ఆ నిమిషం ఆవిడకు బరువు కాదు. అన్నట్టు, ఫోను కలిసిన తరువాత తిప్పిన అంకెలు కూడా దుబాసీ స్వరాలుగా మారుస్తుంది గనుక, ఇప్పుడు మేనత్తగారు బ్యాంకు యంత్రం ఒకటి నొక్కమంటే చక్రంలో ఒకటి తిప్పుతున్నారు. అది వింటోంది.

ఇలాంటి ప్రయత్నం చేయదలచినవారికి కొన్ని మాటలు. ముందు మీ తెల్ల డబ్బా తెంపుల్ని గుర్తిస్తుందేమో చూడండి, గుర్తించేవి కొన్ని ఉన్నాయి. ఏదో ఒక అంకె తిప్పగానే టోను ఆగి, పూర్తి నంబరు తిప్పితే ఫోను కలిస్తే దుబాసీ ఖర్చు తప్పినట్టే. డయలు నెమ్మదిగా తిరుగుతుంటే లోపల దుమ్ము చేరిందని అర్థం. గవర్నరుకు గడియారాల నూనె ఒక చుక్క చాలు, తీగలు కలిసే చోట మాత్రం నూనె తగలకూడదు. అవతలివారికి మాట మందంగా వినిపిస్తే రిసీవరును అరచేతిలో నాలుగుసార్లు తట్టండి. మాట్లాడే బిళ్ళలో బొగ్గు రవ్వలుంటాయి, అవి గడ్డకట్టి ఉంటాయి. పని చేసేటప్పుడు లైను తీసి ఉంచాలి. గంట మోగే సమయానికి తీగల్లో 75 వోల్టుల దాకా వస్తుంది, చెయ్యి పెడితే గట్టిగానే కొడుతుంది.

కరెంటు సంగతి అన్నిటికన్నా ముఖ్యం. 2016 డిసెంబరులో వర్దా తుపాను వచ్చి ఊళ్ళో కరెంటు పోయినప్పుడు, సెల్ ఫోన్లు మూగబోయినా మేనత్తగారి ఫోను పలికింది. మా వీధివాళ్ళందరూ వరసకట్టి ఆ ఇంటి నుంచే బంధువులకు కబురు చెప్పుకున్నారు. ఎక్స్ఛేంజి బ్యాటరీల కరెంటు రాగి తీగ వెంట వచ్చింది గనుక అది సాధ్యమైంది. గాజు పోగు ఆ ఉపకారం చేయదు. ఇంట్లో కరెంటు పోతే తెల్ల డబ్బా ఆరిపోతుంది, ఫోనూ ఆగుతుంది. అందుకని 12 వోల్టుల చిన్న బ్యాటరీ పెట్టె ఒకటి కొని తెల్ల డబ్బాకూ, దుబాసీకీ కలిపి పెట్టాం. నాలుగు గంటలు కాస్తుంది.

గంట విషయంలో ఇంకా పూర్తిగా గెలవలేదు. పాత ఫోనులో నిజమైన ఇత్తడి గిన్నెలు రెండు, వాటి నడుమ సుత్తి. దాన్ని ఆడించడానికి మోతలో బలం కావాలి. తెల్ల డబ్బా బలం ఒక గంటకే సరిపోతోంది. మేడ మీద మామయ్యగారు బిగించిన రెండో గంట కలిపితే రెండూ ముక్కుతాయి గాని మోగవు. మేడ మీది తీగ ప్రస్తుతానికి విప్పి ఉంచాం.